అస్లీ, నక్లీ, మధ్యలో మిస్త్రీ

శంషాబాద్ దాటి పాల్మాకుల వైపు హైవే మీద ఏ పికప్ బండి ముందున్న లారీకి వెనక నుంచి గుద్దినా, చుట్టూ మూగిన జనంలోంచి ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "ఓల్డ్ సిటీ మాల్ వేయించి ఉంటడు భాయ్!" ఆ మాట అన్నాయన బండి కిందికి వంగి చూడడు. బ్రేక్ ప్యాడ్ ఏ కంపెనీదో, డిస్క్ ఎంత అరిగిందో, వెనక ఎన్ని క్వింటాళ్ళ లోడు ఉందో ఆయనకు తెలియదు. ఇల్జామ్ మాత్రం తయారుగా ఉంటుంది. నక్లీ మాల్ అంటే పాతబస్తీ. పాతబస్తీ అంటే మిస్త్రీ. మిస్త్రీ అంటే ఎవరో పేరు పెట్టి చెప్పక్కర్లేదు, అందరికీ అర్థమైపోతుంది.

ఈ ఇల్జామ్ మీదే నా లడాయి. నక్లీ బ్రేక్ ప్యాడ్లు లేవని నేను అనడం లేదు. ఉన్నాయి. అమ్ముతున్నారు, కొంటున్నారు, వేస్తున్నారు. వాటితో జానే పోతుంది. నేనడిగేది ఒకటే. ఆ నక్లీ ప్యాడ్ చక్రం దాకా రావడానికి ఎన్ని చేతులు మారింది? అన్ని చేతుల్లో చివరి చెయ్యి ఒక్కటే గ్రీజుతో నల్లబడి కనిపిస్తుంది కాబట్టి, గునాహ్ మొత్తం దాని మీదే రాసేద్దామా?

ముందు అసలు బ్రేకు అంటే ఏమిటో మాట్లాడుకుందాం. తెలియకుండా తిట్టడం తేలిక, తెలిసి తిట్టడమే ఇన్సాఫ్.

మా ఉర్దూ మీడియం బడిలో సైన్సు ఉస్తాద్ ఘర్షణను "రగడ్" అని చెప్పేవారు. తర్వాత తెలుగు డిగ్రీలో రగడ అనేది ఒక ఛందస్సని చదువుకున్నాను. వాడుకలో రగడ అంటే గొడవ. బ్రేకు దగ్గరికొచ్చేసరికి ఉర్దూ రగడే తెలుగు రగడ అయింది. పికప్ ముందు చక్రంలో ఒక ఇనుప పళ్ళెం తిరుగుతుంటుంది. షోరూంవాళ్ళు దాన్ని రోటర్ అంటారు, మన షెడ్లలో డిస్క్ అంటారు. డ్రైవర్ కాలు వేయగానే ఆ పళ్ళేన్ని రెండు వైపులా రెండు ప్యాడ్లు పట్టి నొక్కుతాయి. బండి పరుగంతా రగడ్‌గా మారుతుంది, రగడ్ హరారత్‌గా మారుతుంది. బ్రేకు చేసే పని ఇంతే. పరుగును వేడిగా మార్చి గాలిలో కలిపేయడం.

ఎంత వేడి? లోడుతో కలిపి మూడు టన్నులున్న పికప్ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. దాన్ని పూర్తిగా ఆపాలంటే సుమారు 7 లక్షల 40 వేల జౌళ్ళ శక్తిని మింగాలి. రెండు లీటర్లకు పైగా మామూలు నీళ్ళను మరిగించే వేడి అది. అంటే ఒక్కసారి గట్టిగా బ్రేకు కొట్టినప్పుడల్లా ఇరవై మందికి చాయ్ నీళ్ళు కాగినట్టు. దాంట్లో పెద్ద వాటా ముందు రెండు చక్రాల మీదే పడుతుంది, బ్రేకు కొట్టగానే బరువంతా ముందుకు ఒరుగుతుంది కాబట్టి. అదే బండి 40 మీద పోతుంటే వేడి సగం కాదు, నాలుగో వంతు. వేగం రెట్టింపైతే భారం నాలుగింతలు. పైన ఒక టన్ను ఎక్కువ వేస్తే ఇంకో రెండున్నర లక్షల జౌళ్ళు. ఈ హిసాబ్ సేఠ్‌కు తెలియదు, లోడు ఎక్కించే హమాలీకి తెలియదు. తెలిసేది ప్యాడ్‌కే.

అందుకే ప్యాడ్ అంటే ఏదో నల్ల బిళ్ళ కాదు. ఇనుప రేకు మీద అతికించిన మసాలా. ఆ మసాలాలోనే అంతా ఉంది. మెత్తటి ఆర్గానిక్ రకం చప్పుడు చేయదు, డిస్క్‌ను తినదు, కానీ వేడెక్కితే తొందరగా చేతులెత్తేస్తుంది. సెమీ మెటాలిక్ రకంలో ఉక్కు పీచు, ఇనుప పొడి ఉంటాయి. కొంచెం అరుస్తుంది, డిస్క్‌ను కొంచెం అరగదీస్తుంది, కానీ వేడిని తట్టుకుంటుంది. సెరామిక్ శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటుంది, ఖరీదు ఎక్కువ. ఊళ్ళో తిరిగే కారుకు అది బాగుంటుంది. లోడు మోసే బొలెరో పికప్‌కు, దోస్త్‌కు, యోధాకు చాయ్ ఖరీదులు చూసి కాదు, లోడు చూసి ప్యాడ్ ఎంచుకోవాలి. బండి చేసిన కంపెనీ ఏ రకం చెప్పిందో ఆ రకం, లేదంటే వేడికి నిలబడే రకం. చాలా ప్యాడ్ల అంచు మీద రెండు అక్షరాలు ఉంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక పట్టు. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం పెద్దదై రెండోది చిన్నదైతే అర్థం ఏమిటి? ట్రయల్‌లో బ్రేకు బ్రహ్మాండంగా పడుతుంది, నిజంగా అవసరం పడ్డప్పుడు ధోకా ఇస్తుంది. ఆ అక్షరాలు నాణ్యతకు సర్టిఫికెట్ కాదు, నక్లీవాడు వాటిని కూడా అచ్చు వేయగలడు. కానీ చూడటం కూడా తెలియకపోతే ఎట్లా?

డిస్క్ సంగతి ఇంకా అన్యాయం. ప్యాడ్ మార్చినప్పుడు డిస్క్ ముఖం ఎవరూ చూడరు. గీతలు పడ్డ డిస్క్ మీద కొత్త ప్యాడ్ వేస్తే, గుంతల రోడ్డు మీద కొత్త చాప పరిచినట్టే. అంచుల దగ్గర మాత్రమే ఆనుతుంది, ఆనిన చోట మాడిపోతుంది. బ్రేకు నొక్కితే పెడల్ కాలికింద వణుకుతుంటే, డిస్క్ తేడాగా ఉందని బండే చెబుతోంది. అప్పుడు లేత్ పట్టిస్తారు. పట్టించొచ్చు, కానీ ఎంతవరకు? ప్రతి డిస్క్‌కూ కనీస మందం ఒకటి ఉంటుంది, చాలావాటి మీద పోతలోనే రాసి ఉంటుంది. దానికంటే సన్నబడిన డిస్క్ వేడిని దాచుకోలేదు, పగులుతుంది. ఒకవైపు మారిస్తే రెండోవైపూ మార్చాలి. లేకపోతే బ్రేకు కొట్టిన ప్రతిసారీ బండి ఒక పక్కకు గుంజుతుంది. ఆ గుంజుడులో పక్క లేన్‌లో బైక్ మీద ఎవరున్నారో ఎవరికి తెలుసు.

ఇప్పుడు విమానాశ్రయం గోడ దగ్గరికి వద్దాం. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు మారాయి. సుమారు 5,500 ఎకరాలు. ఆ నేల మీద ఒకప్పుడు పొలాలున్నాయి, ద్రాక్షతోటలున్నాయి. నేల పోయిన ఇళ్ళలోంచి, పక్క ఊళ్ళలోంచి పిల్లలు చాలామంది స్టీరింగ్ పట్టారు. కొందరు క్యాబ్, కొందరు పికప్. కూరగాయలు, మందులు, పార్సిళ్ళు, పెళ్ళి సామాన్లు, మాంసం, మంచినీళ్ళు, ఈ ఎయిర్‌పోర్టు చుట్టూ ఏది కదలాలన్నా ముందు ఒక పికప్ కదలాలి. కార్గో టెర్మినల్‌లోకి పోయే మాల్‌లో ఎంతో భాగం గోడ దాకా వచ్చేది వీటి వెన్ను మీదే.

గోడకు అటువైపు చూడండి. విమానం బ్రేకుకు ఒక చిన్న పిన్ను ఉంటుంది. బ్రేకు అరిగే కొద్దీ ఆ పిన్ను లోపలికి పోతుంది. విమానం ఎగిరే ముందు చుట్టూ తిరిగి చూసేటప్పుడు ఆ పిన్ను ఎంత మిగిలిందో చూస్తారు. బ్రేకు మారిస్తే ఆ భాగానికి నంబరుంటుంది, ఎవరు తయారు చేశారు, ఎవరు పరీక్షించి వదిలారు అన్న కాగితం ఉంటుంది, ఎవరు బిగించారో వారి దస్తఖత్ ఉంటుంది. కాగితం లేని భాగం ఎంత మెరిసినా విమానానికి ఎక్కదు. ఎక్కిస్తే లైసెన్సు పోతుంది. అక్కడ మెకానిక్‌ను ఇంజినీరు అంటారు, తాలీమ్ ఇస్తారు, జీతం ఇస్తారు, చదవడానికి మాన్యువల్ ఇస్తారు. తప్పు చేస్తే పట్టుకుంటారు కూడా.

గోడకు ఇటువైపు? అదే విమానంలోకి ఎక్కబోయే మాల్‌ను మోసుకొచ్చే పికప్‌కు ఏ పిన్నూ లేదు, ఏ కాగితమూ లేదు. రెండు వందల అడుగుల దూరంలో రెండు దునియాలు. విమానం ఎక్కేవాడి జాన్‌కు ఒక ఖీమత్, రోడ్డు దాటే వాడి జాన్‌కు ఇంకో ఖీమత్. గాలిలో పోయేదానికి పెట్టిన జాగ్రత్తలో పదో వంతు నేల మీద పోయేదానికి పెట్టినా నా గొడవ సగం తగ్గిపోయేది.

"ఆ మాత్రం మిస్త్రీకి తెలియదా, నేర్చుకోవచ్చు కదా" అంటారు. సరే. ఎక్కడ నేర్చుకోవాలి? 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయల జుర్మానా వేసింది. మారుతి, టాటా, మహీంద్రా అందులో ఉన్నాయి. ఆ కంపెనీల కసూర్ ఏమిటో తెలుసా? అస్లీ విడిభాగాలు, రిపేరుకు కావలసిన పరికరాలు, సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా అడ్డుకోవడం. అంటే మన మిస్త్రీకి అస్లీ మాల్, అస్లీ ఇల్మ్ రెండూ చేరకుండా తలుపు వేసి పెట్టారని ఒక సర్కారీ కమిషన్ రాతపూర్వకంగా చెప్పింది. తర్వాత కంపెనీలు అప్పీళ్ళకు పోయాయి. మూడు కంపెనీల విషయంలో 2016లో ట్రిబ్యునల్ తప్పు తప్పేనంటూ జుర్మానా తగ్గించింది. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, వాహనాలను కూడా అందులో కలిపింది. మంచిదే. ఆరాంఘర్‌లో, గగన్‌పహాడ్‌లో రేకుల షెడ్డు కింద పనిచేసే ఉస్తాద్‌కు ఆ పోర్టల్ గురించి ఎవరైనా చెప్పారా?

చెప్పినా ఏ భాషలో చెబుతారు? ప్యాడ్ డబ్బా తెరిస్తే లోపల ఒక చిన్న కాగితం ఉంటుంది. ఎలా బిగించాలి, ఎంత టార్క్, ఏది తుడవాలి, ఏది తుడవకూడదు. అది ఇంగ్లిష్‌లో ఉంటుంది, ఒక్కోసారి హిందీలో. తెలుగులో నేను చూడలేదు, ఉర్దూలో అసలే చూడలేదు. ప్యాకెట్ సరుకుల మీద వివరాలు దేవనాగరి హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఉంటే చాలని 2011 నాటి తూనికలు కొలతల రూల్సే చెబుతున్నాయి. 2017లో తెలంగాణ సర్కారు ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది. అధికార భాష అంటే ఆఫీసు గోడ మీద బోర్డేనా? బోర్డు మీద ఉర్దూ ఉంది, ప్రాణం కాపాడే కాగితం మీద లేదు. తెలుగుకూ అదే గతి. ఈ విషయంలో మన రెండు జబాన్‌లూ ఒకే పడవలో ఉన్నాయి. తెలుగు భాషాభిమానులు దీని మీద ఒక్క మాట మాట్లాడితే వాళ్ళ పక్కన నిలబడటానికి నేను సిద్ధం.

ధర సంగతి చూద్దాం. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి 2025 సెప్టెంబరు 22 దాకా బండి బ్రేకు భాగాల మీద పన్ను 28 శాతం. పాన్ మసాలా, సిగరెట్లు ఉన్న స్లాబు అది. ఎనిమిదేళ్ళు ఈ ముల్క్‌లో బ్రేకును ఐయాషీ కింద జమకట్టారు. ఇప్పుడు 18కి తగ్గింది. తగ్గించినందుకు షుక్రియా, కానీ ఎనిమిదేళ్ళు బిల్లు లేని మాల్‌కు అంత పెద్ద రాయితీ ఇచ్చిందెవరు? బిల్లుతో కొంటే నూటికి 28 ఎక్కువ, బిల్లు లేకుండా కొంటే ఏమీ లేదు. నక్లీ దందాకు ఇంతకంటే మంచి దావత్ ఉంటుందా?

ఇక సేఠ్ దగ్గరికి వద్దాం. అసలు ఫైసలా జరిగేది ఆయన ఫోన్‌లో. ఒక ఉస్తాద్ నాతో అన్న మాట ఇది: "సాబ్, నేను మూడు డబ్బాలు ముందర పెడ్త. ఇది కంపెనీది, ఇది మంచి బ్రాండు, ఇది చాలూ మాల్ అని జెప్త. డ్రైవర్ సేఠ్‌కు ఫోన్ కలుపుతడు. సేఠ్ ఏమంటడు? ఇప్పటికి చాలూ వెయ్యి, వచ్చే నెల మంచిది వేద్దాం అంటడు. నేనీ షెడ్డు పెట్టి పద్దెనిమిదేళ్ళు. ఆ వచ్చే నెల ఇంకా రాలే." పక్కనే ఉన్న డ్రైవర్ నవ్వాడు. "చిచ్చా, మంచిది వెయ్యమంటే పైన పైసలు నా జీతంల కోస్తడు" అన్నాడు.

ఈ పొదుపు ఎంతో లెక్క కడదాం. అస్లీకి నక్లీకి తేడా 900 రూపాయలనుకుందాం. మంచి సెట్ 30 వేల కిలోమీటర్లు వస్తుందనుకుందాం. కిలోమీటరుకు మూడు పైసలు. నక్లీ సెట్ అందులో సగం కూడా రాదు, పైగా డిస్క్‌ను తినేసి పోతుంది కాబట్టి నిజానికి ఆ మూడు పైసలు కూడా మిగలవు. మిగులుతాయనే అనుకున్నా సరే. ఆపే శక్తి సగమైతే ఆగే దూరం రెట్టింపు. నలభై మీటర్లలో ఆగాల్సిన బండి ఎనభై మీటర్లకు ఆగుతుంది. ఆ మధ్య నలభై మీటర్లలో ఎవరున్నారు? సాతంరాయి దగ్గర రోడ్డు దాటుతున్న బుడ్ఢీమా ఉండొచ్చు, షిఫ్టు ముగించుకుని స్కూటీ మీద ఇంటికి పోతున్న పిల్ల ఉండొచ్చు. కిలోమీటరుకు మూడు పైసలకు ఆ నలభై మీటర్లు అమ్మేశాడు సేఠ్.

హాదసా అయ్యాక ఏమవుతుంది? డ్రైవర్ మీద కేసు. మొన్నటిదాకా ఐపీసీ 304ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 106. నిర్లక్ష్యంగా నడిపాడని ఒక వాక్యం. కేంద్ర రవాణా శాఖ లెక్కలో 2022లో రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. నూటికి 71 మౌత్‌లు ఓవర్‌స్పీడ్ వల్లేనట. ఓవర్‌స్పీడ్ అంటే దేనికి ఓవర్? ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితి 2023లో వందనుంచి 120కి పెంచారు. రోడ్డు మీద బోర్డు మార్చడానికి ఒక్క రాత్రి చాలు. ఆ రోడ్డెక్కే బండి బ్రేకు మారిందా అని అడిగేవాడేడి? మంచి బ్రేకు ఉన్న బండికి 80 మామూలు వేగం. మాడిపోయిన ప్యాడ్ ఉన్న బండికి 50 కూడా ఓవర్‌స్పీడే. ఆ తేడా ఏ లెక్కలోనూ కనిపించదు.

చట్టం గుడ్డిదని అనొద్దు. చట్టానికి కళ్ళున్నాయి, మనమే గంతలు కట్టాం. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ చదవండి. ప్రమాదకరమైన లోపమున్న బండిని నడిపినవాడే కాదు, నడిపించినవాడు, నడపనిచ్చినవాడు కూడా దోషే. లోపం తెలిసి ఉండక్కర్లేదు, మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసిపోయేదైతే చాలు. 2019 సవరణలో 182ఎ సెక్షన్ వచ్చింది. భద్రతకు కీలకమని కేంద్రం ప్రకటించిన విడిభాగం ప్రమాణాలకు తగ్గట్టు లేకపోతే, దాన్ని అమ్మినవాడికి ఏడాది దాకా ఖైదు, లేదా ఒక్కో భాగానికి లక్ష రూపాయల జుర్మానా, లేదా రెండూ. తప్పుడు ట్రేడ్‌మార్క్ వేసి అమ్మితే 1999 నాటి చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు. ఇన్ని సెక్షన్లున్నా, హాదసా తర్వాత సంకెళ్ళు పడేది డ్రైవర్‌కు, బద్నామీ పడేది మిస్త్రీకి. సేఠ్ బీమా కాగితాలు పట్టుకుని బండి విడిపించుకోవడానికి వస్తాడు.

ఇప్పుడు మనవాళ్ళతో మాట్లాడాలి. బయటివాళ్ళను ఇంత అడిగినవాడు ఇంట్లో అడగకపోతే అది మునాఫిఖత్.

దుకాన్‌దార్ భాయ్, నువ్వు చెప్పు. పెద్ద కంపెనీ డబ్బాలో చిల్లర మాల్ పెట్టి "అస్లీ హై భాయ్, ఖసమ్ సే" అని అమ్ముతున్నావే, ఆ ఖసమ్ ఎవరి పేరు మీద? మదీనా బజార్లో హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి చూస్తే పైన పొడిగా, కింద తడిగా తగిలిన వాఖియా మనందరికీ తెలుసు. తడి గింజలు పైకి పెట్టి అమ్మమన్నారు, మోసం చేసేవాడు మనవాడు కాదన్నారు. ధాన్యం తడిస్తే కొన్నవాడికి నుక్సాన్. బ్రేకు తడిస్తే? చాలూ మాల్‌ను చాలూ మాల్ అని చెప్పి అమ్మితే అది మజ్బూరీ కింద వస్తుందేమో, పోట్లాడుకుందాం. అస్లీ అని చెప్పి నక్లీ అమ్మితే ఆ పైసల్లో బర్కత్ వెతకొద్దు. ఆ పైసలతో పిల్లలకు ఈద్ బట్టలు కొనొద్దు.

ఉస్తాద్, నీకూ నా సవాల్ ఉంది. నీ హునర్ మీద నాకు శక్ లేదు. చప్పుడు విని రోగం చెప్పే చెవి నీది. కానీ లోడును బట్టి వెనక బ్రేకు బలం మార్చే వాల్వును "తక్లీఫ్ ఇస్తోంది" అని తీగతో కట్టేస్తున్నావే, అది హునర్ కాదు. షాగిర్ద్ చేత గాలి పైపుతో బ్రేకు దుమ్ము ఊదిస్తున్నావే, ఆ దుమ్ములో ఏముందో తెలుసా? మన దేశంలో తెల్ల ఆస్బెస్టాస్ వాడకం మీద ఇప్పటికీ పూర్తి నిషేధం లేదు. ఆస్బెస్టాస్ అన్ని రకాలూ క్యాన్సర్ తెచ్చేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. పేరు లేని ప్యాడ్‌లో ఏ మసాలా ఉందో ఎవరూ పూచీ పడరు. పద్నాలుగేళ్ళ పిల్లవాడి ఊపిరితిత్తుల్లోకి ఆ పొడి పోతోంది. తడి గుడ్డతో తుడిపించు, మూతికి గుడ్డ కట్టించు. అంతకంటే ముందు, ఆ పిల్లవాణ్ణి బడికి పంపించు.

ఇక అందరి నోట్లో ఉండే మాట, "నసీబ్ భాయ్, మౌత్ రాసి ఉంటే ఎవరు ఆపుతారు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఒంటెను కట్టాలా, అల్లాహ్ మీద భారం వేసి వదిలేయాలా అని అడిగిన మనిషికి ముందు కట్టమని, ఆ తర్వాత భరోసా పెట్టమని జవాబిచ్చిన దీన్ మనది. బ్రేకు పెడల్ పక్కన తాయత్తు కట్టినవాడు ప్యాడ్ మందం చూశాడా? డ్యాష్‌బోర్డు మీద మాషాఅల్లాహ్ స్టిక్కర్ అంటించినవాడు డిస్క్ గీతలు చూశాడా? తవక్కుల్ అంటే పని చేసి దుఆ చేయడం. పని ఎగ్గొట్టి దుఆ చేయడానికి వేరే పేరుంది, గఫ్లత్.

కాబట్టి ఏం చేయాలి? నేను ఉత్తగా తిట్టి పోయేవాణ్ణి కాదు, చెప్పే పోతాను.

బండివాళ్ళు ప్యాడ్ మసాలా మూడు మిల్లీమీటర్లకు వచ్చిందంటే ఇంకో ట్రిప్పు కోసం చూడొద్దు. ప్యాడ్ మార్చిన ప్రతిసారీ డిస్క్ మందం కొలిపించుకోవాలి. స్క్రూ గేజ్ అనే చిన్న సామాను ఒక్కటి ఉంటే చాలు, అది లేని షెడ్డులో బ్రేకు పని చేయించొద్దు. డిస్క్ కూర్చునే హబ్ మీద తుప్పు గీకాలి, క్యాలిపర్ పిన్నులకు బ్రేకుకు పనికొచ్చే గ్రీజే పెట్టాలి. కొత్త ప్యాడ్లు వేసిన రోజే నిండా లోడు ఎక్కించొద్దు. ఖాళీ రోడ్డు మీద ఇరవై ముప్పై సార్లు మెల్లగా వేగం తగ్గిస్తూ ప్యాడ్‌ను డిస్క్‌కు అలవాటు చేయాలి. బ్రేకు ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చాలి, ఎందుకంటే అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలకు గానీ మరగదు, తేమ పీల్చాక 140కే మరగొచ్చు. మరిగిందంటే పైపులో ఆవిరి, కాలికింద పెడల్ గాలిలోకి. బిల్లు తీసుకోవాలి. పాత డబ్బా ఇంటికి తీసుకుపోయి చింపి పారేయాలి. మనం పారేసిన మంచి డబ్బాలోనే రేపటి నక్లీ మాల్ వచ్చి కూర్చుంటుంది.

సర్కారును అడగాల్సినవి కూడా ఉన్నాయి. ఎనిమిదేళ్ళు దాటని గూడ్స్ బండికి రెండేళ్ళకోసారి, దాటిన బండికి ఏడాదికోసారి ఫిట్‌నెస్ చూస్తారు. ఆ చూపు చక్రం లోపలికి పోవాలి, ప్యాడ్ మందం, డిస్క్ మందం కాగితం మీద అంకెల్లో రాయాలి. హాదసా అయిన ప్రతి గూడ్స్ బండి బ్రేకు భాగాలను విప్పి ఫొటో తీసి కేసు ఫైల్లో పెట్టాలి. అప్పుడు ఎవరి గునాహ్ ఎంతో తేలుతుంది. ప్యాడ్ డబ్బాలో తెలుగు, ఉర్దూ కాగితం తప్పనిసరి చేయాలి. ఈ షహర్ పొలిమేరల్లో, బొల్లారం పారిశ్రామికవాడలోనే బ్రేక్ లైనింగులు తయారు చేసే ప్లాంటు ఉంది. బ్రేకు ఇక్కడే తయారవుతుంది, బ్రేకు ఇల్మ్ మాత్రం ఇక్కడివాడి జబాన్‌లో దొరకదు. ఐటీఐలలో, ఆ షెడ్ల దగ్గరే సాయంత్రం పూట, పని ఆపకుండా నేర్చుకునే క్లాసులు పెట్టండి. సర్టిఫికెట్ ఇవ్వండి. అప్పుడు తప్పు చేసిన మిస్త్రీని పట్టుకుని అడగండి, నేనూ మీ వెంట వస్తాను.

అప్పటిదాకా మిస్త్రీ ఒక్కణ్ణే ముజ్రిమ్‌ను చేసి చేతులు కడుక్కోవడం కుదరదు. ఆ చేతులకు గ్రీజు అంటిన మాట నిజమే. గ్రీజు సబ్బుతో పోతుంది. కిలోమీటరుకు మూడు పైసలకు ఇంకొకరి జాన్ అమ్మిన చేతులకు అంటినది ఏ సబ్బుతోనూ పోదు.